మేస్త్రి గారి వంకర పన్ను

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు పోస్టాఫీసులో పనిచేసే మనిషికి కొడుకు ఇంటికొస్తున్నాడని సంతోషించడానికి కూడా తీరిక ఉండదు. ఆమె మాత్రం తీరిక చేసుకుని మరీ సంతోషించింది. ఒక చేత్తో పార్శిలు తూకం వేస్తూ, రెండో చేత్తో ముద్ర కొడుతూ, మణికట్టుకి పది రబ్బరు బ్యాండ్లు తగిలించుకుని, కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. స్టాంపులు కొన్నవాళ్ళకి చెప్పింది. ఏమీ కొనకుండా బయటి చలికి భయపడి లోపల నిలబడ్డవాళ్ళకి కూడా చెప్పింది.

"మావాడు ఈ మధ్యాహ్నం బండికి వస్తున్నాడండీ. వట్టి చేతులతో కాదు, వాళ్ళ నాన్నకి పళ్ళు తెస్తున్నాడు."

"ఏం పళ్ళు? యాపిల్ పళ్ళా?" అని ఒకాయన అమాయకంగా అడిగాడు.

"నోట్లో పళ్ళండీ!" అంది ఆమె, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. పక్క కౌంటరావిడ తల వంచుకుని నవ్వుకుంది. ఆవిడ ఈ సంగతి ఆ వారంలో ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు.

కొడుకు పళ్ళ డాక్టరు కాదు. డాక్టర్లు పంపిన అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళు తయారుచేసే లాబ్‌లో పని. వేరే ఊళ్ళో, రైల్లో వెళితే సగం రోజు దూరం. డాక్టరు పేరు బోర్డు మీద ఉంటుంది, పన్ను చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఈ అన్యాయం మీద ఆమె కౌంటరులో చాలాసార్లు ప్రసంగించింది. ఆ లాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి ప్లాస్టరు కలిపే బల్ల ఇస్తారు. ఆ తర్వాత దవడ పళ్ళ బల్ల. చెయ్యి తిరిగినవాళ్ళకే ముందు పళ్ళ బల్ల, ఎందుకంటే దవడ పళ్ళు నమలడానికి, ముందు పళ్ళు నలుగురికీ కనబడటానికి. ఆరేళ్ళు పనిచేశాక ఈ ఏడాదే కొడుకుని ముందు పళ్ళ బల్లకి మార్చారు. అక్కడ కూర్చున్నాక మొట్టమొదట అతనికి గుర్తొచ్చింది తండ్రి నోరు. వేసవిలో వచ్చినప్పుడు అచ్చు తీసుకువెళ్ళాడు.

ఆ నోటి కథ ఊరందరికీ తెలుసు. తండ్రి కుళాయిల మేస్త్రి. ఊళ్ళో మేస్త్రులు చాలామంది ఉన్నా, వట్టి మేస్త్రి అంటే ఆయనే. చేసేది పైపుల పని, ప్రాణం మాత్రం బాకా. పుస్తకాల్లో ట్రంపెట్ అంటారు గాని, ఆ ఇంట్లో అది బాకాయే. ఊరి బ్యాండులో మొదటి బాకా కుర్చీ ఇరవై రెండేళ్ళు ఆయనది. ప్రతి క్రిస్మస్ నాడు ఉదయం పది గంటలకు చర్చి మెట్ల మీద బ్యాండు వాయిస్తుంది. పాట నడుమ ఒకచోట మిగతా వాయిద్యాలన్నీ ఆగిపోతాయి, మొదటి బాకా ఒక్కటే పైపైకి ఎక్కుతుంది. ఆ చోటు వచ్చేసరికి చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారని ఆమె అంటుంది. పిల్లలు ఆపేవారో లేదో గాని, ఆమె ఊపిరి మాత్రం ఆగేది.

రెండున్నరేళ్ళ కిందట, బిగుసుకుపోయిన ఓ పాత పైపు విప్పుతూ ఆయన రెంచి పిడికి ఇంకో గొట్టం తగిలించి, ఒంటి బలమంతా పెట్టి లాగాడు. అలా చెయ్యకూడదని పనివాళ్ళకి ఆయనే చెబుతాడు. రెంచి జారి మూతి మీద కొట్టింది. పైవరస ముందు పళ్ళు నాలుగూ పోయాయి. ఊళ్ళో క్లినిక్కు వాళ్ళు ఇచ్చిన సెట్టు పెదవి కదిపితే ఊడి నాలుక మీద పడేది. అది సొరుగులోకి వెళ్ళింది, బాకా పెట్టెలోకి వెళ్ళింది. నవ్వొస్తే ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండు క్రిస్మస్‌లు, సరిగ్గా పది గంటలకి, ఎవరి వంటింట్లోనో తొట్టి కింద దూరి పైపు బిగిస్తూ గడిపాడు. పండగ పూట ఎవరి కుళాయీ అంత అత్యవసరంగా చెడిపోదని అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు.

బ్యాండుకో పద్ధతి ఉంది. కుర్చీ ఖాళీ అయితే రెండు క్రిస్మస్‌లు ఖాళీగానే ఉంచుతారు. మూడో క్రిస్మస్‌కి మనిషి రాకపోతే పక్కవాడు అందులోకి జరుగుతాడు. ఇది మూడోది. పక్కవాడు మందుల షాపాయన. మంచివాడే, బాకా కూడా సుమారుగా ఊదుతాడు. ఆ సుమారే ఆమెకి పడదు.

*

మధ్యాహ్నం కొడుకు వచ్చాడు. బ్యాగు దించకముందే జేబులోంచి చిన్న డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. తండ్రి చేతులు కడుక్కుని వచ్చాడు. మేస్త్రి నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయేమోనన్నట్టుంటాడు, అంత తక్కువ మాట్లాడతాడు. నేరుగా కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు.

కొడుకు సెట్టు తొడిగాడు, ఎక్కడ ఎక్కువ తగులుతోందో అచ్చు పడేలా ఎర్ర కాగితం ముక్క కొరికించాడు, తీసి ఎక్కడో గోరంత అరగదీశాడు, మళ్ళీ తొడిగాడు. "ఇప్పుడు చూసుకో నాన్నా" అని అద్దం అందించాడు.

ఆమె వెనకనుంచి తొంగి చూసింది. నాలుగు పళ్ళూ తెల్లగా, తిన్నగా, క్రమశిక్షణగా నిలబడ్డాయి. ఆమెకి కళ్ళనీళ్ళొచ్చాయి, దాంతోపాటు నవ్వూ వచ్చింది.

"ఏమండీ, పళ్ళపొడి డబ్బా మీద బొమ్మలా ఉన్నారు. నేను మళ్ళీ పెళ్ళిచూపులకి కూర్చోవాలా ఏంటి?"

మేస్త్రి అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాడు. "బ్రహ్మాండంగా ఉన్నాయిరా" అన్నాడు. ఆయన నోట బ్రహ్మాండం అన్న మాట రావడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. ఆరేళ్ళ ఉద్యోగంలో ఏ పెద్ద డాక్టరు మెచ్చుకున్నా అంత పొంగిపోయి ఉండడు.

"నాలుగు నెలలు పట్టింది నాన్నా. డ్యూటీ అయ్యాక కూర్చుని చేశాను. ఒక్క వెంట్రుక తేడా లేదు. మా పెద్దాయన చూసి, దీన్ని కొత్తవాళ్ళకి పాఠంగా చూపించొచ్చన్నాడు. ఏదీ, బాకా తీసుకో, వాయించు."

"ఇప్పుడే కాదులే. రెండేళ్ళై మూలపడింది, మీటలకి నూనె వెయ్యాలి" అన్నాడు మేస్త్రి. భోజనమయ్యాక బాకా పెట్టె చంకలో పెట్టుకుని పెరట్లో సామాన్ల షెడ్డులోకి వెళ్ళాడు. కొడుకు ప్రయాణం బడలికతో పక్కమీద వాలి అంతలోనే నిద్రపోయాడు.

ఆమె పెరట్లో ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళింది. షెడ్డు తలుపు సందులోంచి చప్పుడు వస్తోంది. అది బాకా చప్పుడు కాదు. పాత పైపులోంచి గాలి తన్నుకొచ్చే చప్పుడు. బుస్సుమని, ఆగి, మళ్ళీ బుస్సుమని. ఆమె సందులోంచి చూసింది. గొట్టాల మధ్య తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఆయన బాకా పెదవికి ఆనించడం, ఊదడం, పెదవి తుడుచుకోవడం, మళ్ళీ ఆనించడం. బుగ్గలు ఉబ్బుతున్నాయి, మెడ నరాలు తేలుతున్నాయి. స్వరం మాత్రం రావడంలేదు. ప్రతిసారీ బాకా మూతి పెదవి మీంచి పక్కకి జారుతోంది.

సాయంత్రం కొడుకు నిద్ర లేచి అడిగాడు. "వాయించావా?"

"వాయించాను" అన్నాడు మేస్త్రి. "బాగా వస్తోంది."

ఆమె కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆపి మొగుడి వైపు చూసింది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన అబద్ధమాడటం ఆమె చూసింది వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, ఆడిన ప్రతిసారీ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

*

మర్నాడు ఉదయం బ్యాండు మాస్టారు పోస్టాఫీసుకి వచ్చాడు. చేతిలో కూతురికి పంపే పార్శిలు ఉంది, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మీవారు పొద్దున్నే మా ఇంటికొచ్చారమ్మా. కుర్చీ మందుల షాపాయనకి ఇచ్చేయమన్నారు. పళ్ళు కొత్తవి, చాలా బాగున్నాయి, కానీ పెదవికి అలవాటు తప్పిందన్నారు. ఇంక బాకా పట్టనన్నారు. అబ్బాయికి మాత్రం చెప్పొద్దన్నారు."

ఆమె పార్శిలు తూకం వేసింది, చీటీ అంటించింది, ముద్ర కొట్టింది. ముద్ర మామూలుకంటే గట్టిగా పడింది.

"కుర్చీ ఎప్పుడిస్తారు మాస్టారూ?"

"రేపు వాయించబోయే ముందు. అంతవరకూ అది మేస్త్రిదే."

"అయితే అంతవరకూ ఎవరినీ కూర్చోనివ్వకండి" అంది ఆమె. పక్క కౌంటరావిడ వైపు తిరిగి, "నా కౌంటరు కాస్త చూసుకో, పన్నెండేళ్ళలో మొదటిసారి అడుగుతున్నాను" అని కోటు తగిలించుకుంది.

దారంతా ఆమెకి కోపమే. ముందు మొగుడి మీద. ఇరవై రెండేళ్ళ కుర్చీని ఇంత తేలిగ్గా వదులుకుంటాడా, పైగా ఇంట్లో చెప్పకుండా! వీధి మలుపు తిరిగేసరికి ఆ కోపం మెత్తబడింది. ఆయనెందుకు వదులుకున్నాడో ఆమెకి తెలుసు. పళ్ళు పనికిరాలేదని తెలిస్తే కొడుకు మొహం ఎలా అయిపోతుందో ఆయన తలుచుకుని ఉంటాడు. కొడుకు చిన్నబోవడంకంటే కుర్చీ పోవడమే నయమనుకున్నాడు. ఇద్దరూ ఇద్దరే. ఒకడు తండ్రి కోసం నాలుగు నెలలు కళ్ళు పొడుచుకున్నాడు, ఒకడు కొడుకు కోసం బాకా వదిలేశాడు. నిజం చెప్పే చెడ్డపని మాత్రం తన నెత్తిన పడింది.

మేస్త్రి ఇంట్లో లేడు, ఎవరి కుళాయో బాగుచెయ్యడానికి వెళ్ళాడు. కొడుకు వంటింట్లో నిలబడి బ్రెడ్డు తింటున్నాడు. ఆమె కోటు విప్పకుండానే చెప్పింది, నసపెట్టడం ఆమెకి చేతకాదు.

"మీ నాన్నకి బాకా పలకట్లేదురా. నిన్నటినుంచీ పలకట్లేదు. పొద్దున్నే వెళ్ళి కుర్చీ ఇచ్చేసి వచ్చారు. నీకు తెలియనివ్వొద్దన్నారు."

కొడుకు నమలడం ఆపేశాడు. మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. "పళ్ళ తప్పు కాదమ్మా. అవి ఎక్కడా కదలవు. కొలతకి కొలత సరిపోయింది. ఒక్క వంకర లేదు, ఒక్క సందు లేదు."

"అదేరా తప్పు" అంది ఆమె.

ఆ మాట నోట్లోంచి వచ్చాకగాని ఆమెకే పూర్తిగా అర్థం కాలేదు. కొడుకు ఉడుక్కుని పళ్ళు బిగించి చూస్తున్నాడు. అతని పైవరసలో ఎడమ పక్క ముందు పన్ను కాస్త మెలి తిరిగి, పక్కదాని మీదికి ఎక్కి, మిగతావాటికంటే ముందుకొచ్చి ఉంది. మొలిచినప్పటినుంచీ అంతే. లాబ్‌లో అతన్ని వంకర పన్ను డాక్టరని ఏడిపిస్తారు.

"మీ నాన్న బాకా ఎప్పుడైనా మూతి మధ్యలో పెట్టుకోవడం చూశావా? ఎడమ పక్కకి పెట్టుకుంటారు. ముప్ఫై ఏళ్ళుగా పెదవి మీద ఆ గుండ్రటి మచ్చ చూస్తున్నాను, నాకు తెలియదా? అక్కడ ఆయనకో పన్ను ముందుకొచ్చి ఉండేది. దానికి ఆనించి ఊదేవారు. నువ్వు దాన్ని మిగతావాటితో కలిపి వరసలో నిలబెట్టేశావు. ఇప్పుడు బాకాకి ఆనుకోవడానికి చోటు లేదు, జారిపోతోంది."

"కానీ వంకర పన్ను ఎవరైనా చేస్తారా అమ్మా? దాన్ని సరిచెయ్యడమే మా పని."

"మీ నాన్న నోట్లో అది తప్పు కాదురా. అది పనిముట్టు."

కొడుకు కుర్చీలో కూలబడ్డాడు. మోచేతులు బల్ల మీద ఆనించాడు. ఆమె అతన్ని ఓదార్చలేదు. ఓదారిస్తే పని జరగదని ఆమెకి తెలుసు.

"ఆ పన్ను ఎంత తిరిగిందో, ఎంత ముందుకొచ్చిందో ఇప్పుడెలా తెలుస్తుంది?" అన్నాడు చివరికి. "పోయిన పళ్ళు పోయాయి. ఫోటోలన్నిటిలో మూతి ముడుచుకునే ఉంటాడు. గుర్తుని బట్టి చేస్తే సరిపోదమ్మా. అరమిల్లీ మీటరు తేడా వచ్చినా ఇంతే."

"అద్దంలో చూసుకో" అంది ఆమె.

"ఏం చూసుకోమంటావ్?"

"నీ నోరు చూసుకోరా మొద్దూ! అది మీ నాన్న పన్నే. నీకు ఏడో ఏట అది మొలిచినప్పుడు మీ నాన్న వీధిలో అందరికీ నీ నోరు తెరిచి చూపించారు, నా పన్ను వచ్చింది, నా పన్ను వచ్చిందని. మీ ఇద్దరిదీ పక్కపక్కన పెట్టి ఎన్నిసార్లు చూసుకున్నారో నాకు తెలుసు."

కొడుకు వేలితో తన పన్ను తడుముకున్నాడు. ఇరవయ్యేళ్ళు దాన్ని తిట్టుకున్నవాడు, మొదటిసారి దాన్ని మర్యాదగా ముట్టుకున్నాడు.

*

తర్వాతి అరగంటా ఆమె జన్మలో మరిచిపోలేదు. కొడుకు తన సామాన్ల పెట్టె తెరిచాడు. సెట్టు తొడిగేటప్పుడు ఏ చిన్న సవరణైనా అవసరం పడొచ్చని, పనివాడెవడూ పెట్టె లేకుండా బయలుదేరడు. గులాబీరంగు పొడీ నీళ్ళూ కలిపి ముద్ద చేసి, రేకు అచ్చులో వేసి, తన నోట్లో తనే పెట్టుకున్నాడు. ఒకళ్ళ నోటి అచ్చు తియ్యడం వేరు, తన నోటిది తానే తీసుకోవడం వేరు. కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, చొంగ. ఆమె గిన్నె పట్టుకుని నిలబడి గడియారం చూస్తూ లెక్కపెట్టింది. అతను ఏదో చెప్పబోయాడు, "ఊ ఊ" అని మాత్రం వచ్చింది.

"నోరు మూసుకో. అంటే, తెరిచే ఉంచు" అంది ఆమె. ఇద్దరికీ నవ్వాగలేదు, మొదటి అచ్చు పాడైంది. రెండోసారి ఎవరూ నవ్వలేదు. అచ్చులో ప్లాస్టరు పోశారు. అది గట్టిపడ్డాక కొడుకు నోరు తెల్లగా, మొత్తం వరసతో సహా, బల్ల మీద కూర్చుంది. వంకర పన్ను అందులో కొట్టొచ్చినట్టు కనబడింది.

మేస్త్రి మూడింటికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగి బల్ల మీది ప్లాస్టరు నోటిని, పళ్ళు అరగదీసే చిన్న మోటారుని, భార్యని, కొడుకుని వరసగా చూశాడు. పేపరు కోసం వెతికాడు గాని అది ఆమె చేతిలో ఉంది.

"ఆ పళ్ళు ఇటివ్వు నాన్నా."

"ఎందుకురా? బ్రహ్మాండంగా ఉన్నాయి."

"బాకా ఊదు చూద్దాం."

మేస్త్రి నీళ్ళు నమిలాడు. చివరికి పెళ్ళాం మీద విసుగు చూపించాడు, "నీకు నోట్లో నువ్వుగింజ నానదు" అని.

"నానదు. నానబెడితే మీ ఇద్దరూ కలిసి నా కొంప ముంచేవాళ్ళు" అంది ఆమె.

"నువ్వు నాకోసం మొదటిసారి చేసి తెచ్చావు" అన్నాడు మేస్త్రి కొడుకుతో, నేల చూపులు చూస్తూ. "నాలుగు నెలలు చేశావు. దానికి వంక పెట్టమంటావా? బాకాదేముంది, ఎవరో ఒకరు ఊదుతారు."

"నువ్వు బిగించిన కుళాయి కారుతుంటే, ఆ ఇంటివాళ్ళు నిన్ను పిలవాలా, లేక నువ్వు నొచ్చుకుంటావని కింద గిన్నె పెట్టుకుని ఊరుకోవాలా?"

మేస్త్రి ఆలోచించాడు. ఇది పని తెలిసినవాడి మాట. "పిలవాలి" అన్నాడు. "పిలవకపోతే నాకు కోపం వస్తుంది."

"నాకూ వచ్చింది" అన్నాడు కొడుకు.

మేస్త్రి పళ్ళు తీసి అతని చేతిలో పెట్టాడు.

కిటికీ దగ్గర వెలుతురులో కొడుకు మోటారుతో ఆ పన్నుని దాని చోటునుంచి తొలిచి తీశాడు. తన చేతుల్తో నిలబెట్టిన వరసని తన చేతుల్తో పాడుచెయ్యడం అతనికెంత కష్టమైందో ఆమె చూసింది. మా పెద్దాయన దీన్ని చూస్తే నన్ను మళ్ళీ ప్లాస్టరు బల్లకి పంపిస్తాడని గొణుక్కున్నాడు. ప్లాస్టరు నోటి మీద సన్నటి కొలత పెట్టి చూసుకుని, పన్నుని మైనంతో మెలితిప్పి నిలబెట్టాడు. ఆ మైనం పన్నుతోనే సెట్టు తొడుక్కుని మేస్త్రి బాకా మెల్లగా ఊదాడు. బుస్సుమంది. కొడుకు గోరంత ముందుకి జరిపాడు. ఈసారి చప్పుడులో ఏదో మూలుగు వినబడింది. మేస్త్రి కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇంకొంచెం తిప్పు" అన్నాడు మేస్త్రి. "నీదానికంటే నాది కాస్త ఎక్కువే తిరిగేది."

"ఎటువైపు?"

"నీ వైపు."

తండ్రీకొడుకులు అంత దగ్గరగా, అంత ఓపిగ్గా, ఒకరి నోట్లోకి ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆరో సారికో ఏడో సారికో బాకాలోంచి స్వరం వచ్చింది. గట్టిదేం కాదు, సన్నగా వణుకుతూ వచ్చింది. నిలబడింది. మేస్త్రి ఆపలేదు, ఊపిరి అయిపోయేదాకా పట్టుకున్నాడు. పక్కింటివాళ్ళ కిటికీ తెరుచుకుంది. మైనం కరిగి జారకముందే కొడుకు సెట్టు లాక్కుని, గట్టి ముద్దతో పన్నుని శాశ్వతంగా బిగించడానికి కూర్చున్నాడు. అద్దంలో ఇప్పుడు పళ్ళపొడి డబ్బా బొమ్మ పోయింది. ఆమె మొగుడు తిరిగొచ్చాడు.

*

పండగ ఉదయం చలి కోస్తోంది. చర్చి ముందు జనం కోట్ల మీద కోట్లు వేసుకుని నిలబడ్డారు. మెట్ల మీద బ్యాండు సర్దుకుంటోంది. ఖాళీ కుర్చీ పక్కన మందుల షాపాయన బాకా ఒళ్ళో పెట్టుకుని, జరగనా వద్దా అన్నట్టు అంచున కూర్చున్నాడు. మేస్త్రి జనం మధ్యనుంచి మెట్లెక్కాడు. మందుల షాపాయన లేచి నిలబడి కుర్చీ మీది మంచు తన రుమాలుతో తుడిచాడు. ఆ ఒక్క పనితో ఆమె అతని సుమారు ఊదుడంతా క్షమించేసింది.

పాట మొదలైంది. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుంది. మిగతా వాయిద్యాలన్నీ ఆగే చోటు వచ్చింది. ఆగాయి. మేస్త్రి బాకా ఎత్తి, ఎడమ పక్కకి ఆనించాడు. మొదటి స్వరం చిట్లింది. ఎవరో దగ్గారు. కొడుకు కళ్ళు మూసుకున్నాడు.

రెండో స్వరం చిట్లలేదు. అది నిలబడి, మూడోదాన్ని పైకి లాగింది, అది ఇంకోదాన్ని. చర్చి గోడలకి తగిలి వీధి చివరిదాకా వెళ్ళింది. చెవికి ఇంపుగా ఉందని చెబితే తక్కువే అవుతుంది. రెండున్నరేళ్ళు వంటింటి తొట్ల కింద నోరు మూసుకున్న మనిషి గొంతు అది. ఆమె ఏడ్చింది, కొంగుతో మొహం దాచుకుని కాదు, అందరూ చూస్తుండగానే ఏడ్చింది. పక్కనున్నవాళ్ళకి, "ఈ పళ్ళు మావాడు చేశాడండీ" అని చెప్పడం మాత్రం ఆపలేదు.

పాట అయింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. బ్యాండు మాస్టారు తాళం వేసే కర్ర చంకలో పెట్టుకుని మేస్త్రి భుజం తట్టాడు. "ఏం వాయించారండీ! ఇరవై రెండేళ్ళలో ఇలా వినలేదు."

"నేను ఊదానంతే" అన్నాడు మేస్త్రి, మెట్ల కిందదాకా వినబడేలా. "వాయించింది మావాడు."

జనం తలలు తిప్పి కొడుకుని చూశారు. అక్కడితో ఆగి ఉంటే అది మర్యాదస్తుల పండగ అయ్యేది. కానీ మేస్త్రికి ఆ మాట చాలలేదు. నోట్లో వేళ్ళు పెట్టి సెట్టు ఊడదీశాడు. రుమాలు పరిచి దాని మీద పెట్టి, మందుల షాపాయన ముక్కు కిందికి తోశాడు.

"ఇదిగో, ఈ పన్ను చూడు" అన్నాడు. ముందు పళ్ళు లేక మాటలు ఈల వేశాయి. ఆయన పట్టించుకోలేదు. "వంకరగా ఉందా? అది ఊరికే వచ్చిన వంకర కాదు. కొలిచి పెట్టిన వంకర. ఎక్కడ కొలిచాడో తెలుసా? ఒరేయ్, ఇలా రా. పైకి రా. నోరు తెరువు."

"నాన్నా, ఇంతమందిలోనా..."

"తెరువురా."

ఆరేళ్ళు పనిచేసి ముందు పళ్ళ బల్ల దాకా వచ్చినవాడు, ఊరందరి ముందూ, సిగ్గుతో కందిపోయి, నోరు బార్లా తెరిచాడు. మేస్త్రి ఒక చేత్తో అతని గడ్డం పట్టుకుని, రెండో చేత్తో రుమాలు పక్కన ఎత్తి పట్టుకున్నాడు. చూసినవాళ్ళు ఆహా అన్నారు. డోలు వాయించేవాడు ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూసి, రుమాలు తీసుకుని క్లారినెట్టు ఆయనకిచ్చాడు. అది అక్కడినుంచి మెట్లు దిగి జనంలోకి వెళ్ళింది. ముసలావిడ ఒకావిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది, పిల్లలు మునివేళ్ళ మీద నిలబడి చూశారు. ఎవరూ నవ్వలేదు, నవ్వినా చెడుగా నవ్వలేదు. కొడుకు నోరు మూసి, తండ్రి పక్కన నిలబడి, తన చేతిపని ఊరంతా తిరగడం చూస్తున్నాడు. ఎక్కడా పేరు రాయని పని అది. దాన్ని పట్టుకున్న ప్రతివాళ్ళూ తలెత్తి అతన్ని వెతికి చూశారు.

బ్యాండు మాస్టారు గడియారం చూసుకుని, తాళం కర్రతో పాట కాగితాల స్టాండు మీద కొట్టాడు. రెండో పాటకి వేళ మించిపోతోంది. బోసి నోటితో మొదటి కుర్చీలో కూర్చున్న మేస్త్రిని చూసి, జనం వైపు గొంతెత్తాడు.

"అమ్మా, ఆ పళ్ళు ఎవరి దగ్గరున్నాయో త్వరగా పంపించండి! పాట మొదలుపెట్టాలి!"

"ఉండండి మాస్టారూ" అని అరిచింది ఆమె. "వెనక వరసవాళ్ళు ఇంకా చూడలేదు!"